డెబియన్ టెస్టింగ్‌లో డెస్క్‌టాప్ మొత్తం మారే రోజు: ఎంటర్ కొట్టే ముందు ఏం చూసుకోవాలి

నలభై మూడు ప్యాకేజీలు తీసేస్తాను, సరేనా అని ఆప్ట్, అంటే డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే, తీసే ప్రోగ్రామ్, అడిగింది. నేను సరే అన్నాను. రాత్రి పదకొండున్నర, కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ నలభై మూడింటిలో నా స్క్రీన్ మీది మెనూ, ప్యానెల్ అన్నీ నడిపే ప్లాస్మా-డెస్క్‌టాప్ కూడా ఉందని పొద్దున మెషిన్ ఆన్ చేస్తే గానీ తెలియలేదు. నల్ల స్క్రీను, పైన మూలకి లాగిన్ అన్న ఒక్క మాట, దాని పక్కన మిణుకుమనే గీత. తొమ్మిదింటికి లీలామహల్ సర్కిల్ దగ్గరి ప్రెస్సుకి పెళ్లికార్డు ప్రూఫు పంపాలి. ప్రెస్సాయన ఫోన్ చేశాడు, "ఏంనా, ఫైలు ఇంకా రాలే?" "సిస్టం మొరాయిస్తా ఉంది అన్నా, పది నిమిషాలు." ఆ పది నిమిషాలు మధ్యాహ్నం రెండు దాకా సాగాయి.

తప్పు డెబియన్‌ది కాదు. ఏమేం తీసేస్తుందో అది ఒక్కో పేరు రాసి మరీ చూపించింది, చదవంది నేను. అప్పటి నుంచి తిరుపతిలో ఇదే మెషిన్‌ మీద, డెబియన్ తర్వాతి స్టేబుల్ విడుదల తయారయ్యే ఇదే టెస్టింగ్ బ్రాంచ్‌తో డీటీపీ పని చేసుకుంటున్నాను, పెద్ద అప్‌గ్రేడ్లు చాలానే దాటాయి, మళ్లీ అలాంటి పొద్దు రాలేదు. ఏం చేస్తానో చెప్తాను. కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి, ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) అవసరమైన చోట పెట్టుకోండి.

ముందు ఈ టెస్టింగ్ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి, లేకపోతే మిగతాదంతా మంత్రాల్లా కంఠస్థం చేయాల్సి వస్తుంది. కొత్త వెర్షన్ ఏదైనా మామూలుగా ముందు అన్‌స్టేబుల్‌లో దిగుతుంది, సిడ్ అనేది దాని పేరే. అక్కడ అర్జెన్సీని బట్టి రెండు, ఐదు లేదా పది రోజులు ఉంటుంది, ఎక్కువ వాటికి ఐదు. ఈలోపు పెద్ద బగ్గులు కొత్తవి రాకపోతే, అది రావడం వల్ల టెస్టింగ్‌లో ఉన్న ఇంకో ప్యాకేజీ విరగకపోతే, బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ దాన్ని టెస్టింగ్‌లోకి వదులుతుంది. ఒంటరి ప్యాకేజీలకైతే ఇంతే. కేడీఈ ప్లాస్మా, గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లు అలా ఒక్కొక్కటిగా రాలేవు. ప్లాస్మా వాడే క్యూటీ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) మారితే దాని మీద ఆధారపడ్డ వందల ప్యాకేజీలు మళ్లీ బిల్డ్ అవ్వాలి, అన్నీ కలిసే లోపలికి రావాలి. తిరుమలలో క్యూ కాంప్లెక్స్ చూసిన వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు: మీరు ఒక్కరూ రెడీగా ఉన్నంత మాత్రాన గేటు తియ్యరు, కంపార్ట్‌మెంటు మొత్తాన్ని ఒకేసారి వదులుతారు. వారాల తరబడి ఏ కదలికా లేకుండా ఉండి, ఒకరోజు పొద్దున ఆరేడు వందల ప్యాకేజీలు ఒక్కసారిగా మీద పడేది అందుకే.

మరి అంత జాగ్రత్తగా వదిలితే మన దగ్గర ఎందుకు విరుగుతుంది? బ్రిట్నీ చూసేది టెస్టింగ్‌లోని ప్యాకేజీ ఒక్కోటి ఇన్‌స్టాల్ అవుతుందా లేదా అని. మీ మెషిన్‌లో ఉన్న ఈ ప్రత్యేకమైన కలగాపులగం దానికి తెలియదు. రెండేళ్ల కింద ఎవరో చెప్పారని పెట్టుకున్న బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్), ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి దించిన డెబ్ ఫైలు, పెద్ద బగ్గు వల్ల టెస్టింగ్ నుంచి తీసేసినా మీ దగ్గర మాత్రం మిగిలిపోయిన పాత ప్యాకేజీ, ఇవే ఎక్కువసార్లు అడ్డం పడతాయి. పాతది ఏదో ఒకటి పాత లైబ్రరీని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని వదిలించడానికి ఆప్ట్ వేరే దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో మీ డెస్క్‌టాప్ పోవచ్చు.

కాబట్టి పెద్ద అప్‌గ్రేడ్‌కి ముందు ఇల్లు ఊడ్చుకోవాలి. ఆప్ట్ లిస్ట్ అని కొట్టి, దాని పక్కన సింగిల్ కోట్స్‌లో ప్రశ్నార్థకం పెట్టి అబ్సొలీట్ అని రాస్తే, ఇప్పుడు ఏ రిపాజిటరీలోనూ లేని ప్యాకేజీలన్నీ చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా దగ్గర అరవై పైనే వచ్చాయి, అందులో సగం నేను పేరు కూడా గుర్తుపట్టలేదు. అక్కర్లేనివి తీసేయండి. బయటి రిపాజిటరీలని ఆ రోజుకి ఆపేయండి. రూట్ పార్టిషన్‌లో ఖాళీ చూసుకోండి, నాలుగైదు జీబీ అన్నా లేకుండా మొదలుపెట్టకండి. ఆప్ట్ క్లీన్ కొడితేనే ఒక్కోసారి రెండు జీబీ దొరుకుతుంది. బూట్ పార్టిషన్ వేరేగా చిన్నదిగా ఉంటే పాత కెర్నెళ్లు నిండిపోయాయేమో చూడండి, కానీ ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ని, దాని ముందుదాన్ని మాత్రం ఉంచండి.

బ్యాకప్ గురించి ఉపన్యాసం ఇవ్వను. టైమ్‌షిఫ్ట్ పెట్టుకోండి, అది హోమ్ ఫోల్డర్ జోలికి మామూలుగా పోదు, సిస్టమ్‌ని మాత్రమే దాస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్ని విడిగా కాపీ చేసుకోండి. ఆ రెండో మాట ఎవరూ చెప్పరు. ప్లాస్మా ప్యానెళ్లు, షార్ట్‌కట్లు అన్నీ అక్కడే ఉంటాయి, కొత్త వెర్షన్ వాటిని తనకి తగ్గట్టు మార్చి రాసుకుంటుంది, ఆ తర్వాత పాత వెర్షన్‌కి వెళ్లినా అవి పాతలా చదవబడవు.

ఇక అసలు పని. దీన్ని నేను రెండు రోజులకి పంచుతాను. మొదటి రోజు రాత్రి ఆప్ట్ అప్‌డేట్, తర్వాత ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్‌కి రెండు హైఫన్లతో డౌన్‌లోడ్-ఓన్లీ తగిలించి వదిలేస్తాను. ఒకటిన్నర జీబీ, రెండు జీబీ దిగుతుంది, ఏదీ ఇన్‌స్టాల్ అవ్వదు. అంత పెద్దదాన్ని ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుతూ దించుతూ ఇన్‌స్టాల్ చేయడం నాకిష్టం లేదు. పైగా ఎండాకాలంలో మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, డౌన్‌లోడ్ మధ్యలో పోతే పోయేదేం లేదు, ఇన్‌స్టాల్ మధ్యలో పోతే మాత్రం టెన్షన్.

రెండో రోజు, పగటిపూట, చేతిలో అర్జెంటు పని లేనప్పుడు, ముందు ఉత్త ఆప్ట్ అప్‌గ్రేడ్ కొడతాను. ఇది ఏ ప్యాకేజీనీ తీసెయ్యదు. కొత్తవి పెట్టగలదు, ఉన్నవాటిని పైకి తేగలదు, తీసే అధికారం మాత్రం దానికి లేదు. దీంతో సగానికి సగం భారం తగ్గిపోతుంది. మిగిలినవాటిని పక్కన పెట్టానని అది చెప్తుంది. ఆ మిగిలినవే అసలు చిక్కుముడి. వాటి కోసం ఆప్ట్ హైఫన్ ఎస్ ఫుల్-అప్‌గ్రేడ్. ఎస్ అంటే సిమ్యులేట్, చేసినట్టు నటిస్తుంది, ఏమీ చేయదు. వచ్చినదాంట్లో ఆర్, ఇ, ఎమ్, వి అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యే లైన్లు తీసేయబోయేవి. లైన్లు వెతికిపెట్టే గ్రెప్‌తో వాటిని మాత్రం వేరు చేసి చదవండి. వేడి కాఫీ పెట్టుకుని, ఒక్కో పేరు. ఈ గైడ్ మొత్తంలో మీరు ఒక్క పని మాత్రమే చేస్తానంటే ఈ పని చేయండి.

ఆ లిస్టులో నాకు మూడు రకాల పేర్లు కనిపిస్తాయి.

ఒకటి, పేరు మారిన లైబ్రరీలు. లిబ్ అని మొదలై చివర ఒక అంకె ఉంటుంది, అదే లైబ్రరీ పెద్ద అంకెతో ఇన్‌స్టాల్ అయ్యే లిస్టులో ఉంటుంది. పాతది పోయి కొత్తది వస్తోంది, భయం లేదు. 2024లో వచ్చిన టీ64 మార్పు దీనికి పెద్ద ఉదాహరణ. 32 బిట్ల కంప్యూటర్లలో టైము లెక్క 2038 జనవరి 19తో అయిపోతుంది కదా, దాన్ని 64 బిట్లకి పెంచడం కోసం బోలెడన్ని లైబ్రరీల పేర్ల చివర టీ64 అని తగిలించారు. మన మామూలు 64 బిట్ల మెషిన్లలో లోపల మారిందేం లేదు, పేర్లు మాత్రం మారాయి, ఆ పేర్ల గొడవకే ఆప్ట్ వందల్లో తీసేస్తానని లిస్టులు చూపించింది. అప్పుడు కంగారుపడి మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు ఉన్నారు, ఆగినవాళ్లకి అదే సర్దుకుంది.

రెండో రకం, మీరు వాడని సరుకు. మెటా ప్యాకేజీతో (చాలా ప్యాకేజీలని ఒకేసారి వెంట తెచ్చేదానితో) పాటు వచ్చిన ఏదో ఆట, ఏదో పాత మెయిల్ ప్రోగ్రామ్. పోనీండి.

మూడో రకం దగ్గర చెయ్యి కీబోర్డు మీంచి తీసేయాలి. ప్లాస్మా-డెస్క్‌టాప్, ప్లాస్మా-వర్క్‌స్పేస్, గ్నోమ్-షెల్, లాగిన్ స్క్రీన్ చూపించే ఎస్‌డీడీఎమ్ లేదా జీడీఎమ్3, నెట్‌వర్క్-మేనేజర్, మీ రోజువారీ పని నడిపే అప్లికేషన్, నాకైతే పేజీలు కూర్చే స్క్రైబస్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, దానికి బదులు కొత్త పేరుతో ఇంకోటి రావడం లేదని తేలితే, ఆ రోజుకి అంతే. ల్యాప్‌టాప్ మూసేసి పని చూసుకోండి. నిజంగా. టెస్టింగ్‌లో మూడొంతుల సమస్యలకి మందు మూడు రోజులు ఆగడమే, ఇది బద్ధకంతో చెప్పే మాట కాదు. డెబియన్ ఆర్కైవ్ రోజుకి నాలుగుసార్లు అప్‌డేట్ అవుతుంది, మీ మిర్రర్ (ఆ ఆర్కైవ్ నకలు ఉంచే సర్వర్) సగం దించుకున్న సమయంలో మీరు అప్‌డేట్ కొట్టి ఉండొచ్చు. లేదా మీరు వాడే ఒక చిన్న ప్యాకేజీ ఇంకా కంపార్ట్‌మెంట్లోనే ఉండొచ్చు.

ఆగే ముందు కారణం తెలుసుకోవాలనిపిస్తే ఒక చిట్కా ఉంది. ఆప్ట్ హైఫన్ ఎస్ ఇన్‌స్టాల్ ప్లాస్మా-డెస్క్‌టాప్ అని, పోతానంటున్న ప్యాకేజీనే పెట్టమని అడగండి. ఫలానాది కావాలి కానీ దొరకడం లేదు అని ఆప్ట్ గొణుగుతుంది. ఆ ఫలానాని పట్టుకుని మళ్లీ అదే ప్రశ్న వెయ్యండి. రెండు మూడు మెట్లు దిగితే అసలు దొంగ దొరుకుతాడు. ఆప్ట్ లాంటిదే ఇంకోటి, ఆప్టిట్యూడ్ ఉంటే దాంట్లో వై-నాట్ అనే ఆప్షన్ కూడా ఇదే పని చేస్తుంది. ఆ రోజు నా దగ్గర దొరికిన దొంగ, ప్యానెల్లో ఉష్ణోగ్రత చూపించే ఒక బుల్లి విడ్జెట్, ప్లాస్మా 5 కాలం నాటిది, టెస్టింగ్ నుంచి ఎప్పుడో పోయింది. దాన్ని ముందే తీసేసి ఉంటే నలభై మూడు కాస్తా ఆరుకి దిగేది, ఆరూ మొదటి రకమే. ఆ మాట ముందు రాత్రి చూసుకుని ఉంటే పెళ్లికార్డు టైముకి పోయేది.

ఆప్ట్-లిస్ట్‌బగ్స్ అని ఒక ప్యాకేజీ ఉంది, తప్పకుండా పెట్టుకోండి. ఇన్‌స్టాల్‌కి ముందు ఆ వెర్షన్ల మీద ఎవరైనా సీరియస్ బగ్గు రిపోర్ట్ చేశారేమో చూసి అడుగుతుంది, పి అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు రాస్తే ఆ ఒక్క ప్యాకేజీని కొన్నాళ్లు ఆపుతుంది. అలిపిరి దగ్గర బ్యాగులు స్కానింగ్‌లో వేసినట్టు. రెండు నిమిషాలు ఆలస్యం, అంతే.

లిస్టు శుభ్రంగా ఉంది, బండి కదలొచ్చు అనుకుంటే ఇంకో సంగతి. డెస్క్‌టాప్ లోపల కూర్చుని డెస్క్‌టాప్‌ని మార్చకండి. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం లాంటిదే. అప్‌గ్రేడ్ మధ్యలో సెషన్ కూలితే టెర్మినల్ విండో కూడా పోతుంది, ప్యాకేజీలని నిజంగా ఇన్‌స్టాల్ చేసే డీప్యాకేజ్ (డి, పి, కె, జి అని కొట్టాలి) సగంలో ఆగుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల స్క్రీన్లో లాగిన్ అయి అక్కడ నడపండి, లేదా కనీసం టీమక్స్ (టి, ఎమ్, యు, ఎక్స్ అని కొట్టాలి) లోపల నడపండి, విండో పోయినా అది వెనకాల నడుస్తూనే ఉంటుంది, టీమక్స్ అటాచ్ అంటే మళ్లీ దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి మూత తెరిచే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిజంగా పని చేస్తోందో లేదో ఆ రోజే తేల్చుకోండి, మా యూపీఎస్ రెండేళ్లు అలంకారానికే ఉంది, నాకే తెలియదు.

మధ్యలో ఒక కాన్ఫిగ్ ఫైల్ గురించి అడుగుతుంది, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని. మీరు ఆ ఫైల్ని చేత్తో ఎప్పుడైనా మార్చి ఉంటే డి నొక్కి తేడా చూడండి. ఏమీ అర్థం కాకపోతే ఉత్త ఎంటర్ కొట్టండి, మీ పాతది ఉంటుంది, కొత్తది పక్కనే డీప్యాకేజ్-డిస్ట్ అనే తోకతో పడి ఉంటుంది, తీరిగ్గా చూసుకోవచ్చు.

అయిపోయాక రీబూట్. ఆటోరిమూవ్ మాత్రం అప్పుడే కొట్టకండి, రెండు మూడు రోజులు వాడి చూశాక కొట్టండి, అది కూడా లిస్టు చదివి. మెటా ప్యాకేజీ ఒకటి పోయిందంటే దాని కింద ఉన్నవన్నీ ఎవరికీ అక్కర్లేనివిగా లెక్క కట్టి ఊడ్చేసే ప్రమాదం ఉంది.

కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. మనకి, అంటే తెలుగులో టైప్ చేసేవాళ్లకి, ముందు విరిగేది టైపింగే. ప్లాస్మా 6.0 2024 ఫిబ్రవరి 28న విడుదలైంది, అప్పటి నుంచి వేలాండ్ సెషనే డిఫాల్ట్. స్క్రీన్ మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్, పాతది ఎక్స్11. గ్నోమ్ కూడా 49తో ఎక్స్11 సెషన్‌ని డిఫాల్ట్‌గా ఆపేసింది. ఎక్స్11లో ఏళ్లుగా నడిచిన టైపింగ్ ప్రోగ్రామ్ ఐబస్, ప్లాస్మా వేలాండ్‌లో ఉన్నట్టుండి పలకదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర వర్చువల్ కీబోర్డ్ అని ఉంటుంది, అక్కడికి పోయి ఐబస్ వేలాండ్ అని గానీ, మీరు వాడేది ఎఫ్‌సిఐటిఎక్స్5 అయితే దాన్ని గానీ ఎంచుకోవాలి. స్క్రీన్ మీది కీబోర్డ్ మనకెందుకు అనుకుని ఎవరూ అక్కడికి పోరు, నేనూ రెండు రోజులు పోలేదు. మీ తెలుగు కీబోర్డు పద్ధతి ఆర్‌టీఎస్ అయినా ఇన్‌స్క్రిప్ట్ అయినా, వాటిని అందించే ఎమ్17ఎన్ ప్యాకేజీ ఉందో లేదో కూడా చూసుకోండి.

తర్వాత పరీక్ష. నేను కొట్టే మొదటి లైను ఎప్పుడూ ఒకటే: శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. పెళ్లికార్డు మొదటి లైను కదా, చేతికి అలవాటు, పైగా శ్ర వత్తు, స్త వత్తు, ఘ్న వత్తు మూడూ అందులో ఉన్నాయి. ఒత్తు అక్షరం కిందికి రాకుండా పక్కకి జారితే ఫాంటో, అక్షరాలు కూర్చే లైబ్రరీనో మారిందని అర్థం. పాత ఫైలు ఒకటి తెరిచి పీడీఎఫ్ చేసి, పాత పీడీఎఫ్ పక్కన పెట్టి చూడండి. లైన్లు ఎక్కడ విరిగాయి, పేజీలు అన్నే ఉన్నాయా. ప్రెస్సుకి పోయాక తెలిస్తే డబ్బులు మనవే.

గ్నోమ్ వాళ్లకి ఎక్స్‌టెన్షన్ల బాధ ఉంటుంది. ఆరు నెలలకోసారి, మార్చిలో, సెప్టెంబరులో కొత్త వెర్షన్, అది టెస్టింగ్‌కి వచ్చేసరికి ఇంకొంత కాలం. ప్రతి ఎక్స్‌టెన్షన్ తాను ఏ వెర్షన్లలో నడుస్తుందో రాసుకుంటుంది, మీ కొత్త వెర్షన్ అందులో లేకపోతే ఆగిపోతుంది. 2023 సెప్టెంబరులో 45 వచ్చినప్పుడైతే లోపలి పద్ధతే మారి పాతవన్నీ ఒక్కసారి మూలన పడ్డాయి. అప్‌గ్రేడ్‌కి ముందే అన్నీ ఆఫ్ చేసి, తర్వాత ఒక్కోటి ఆన్ చేసుకోవడం మేలు.

ఏదో తేడాగా ఉంది, ప్యానెల్ లేదు, మెనూ తెరుచుకోదు అంటే సిస్టమ్‌ని తిట్టే ముందు కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి అందులో లాగిన్ అవ్వండి. అక్కడ బాగుంటే తప్పు మీ పాత సెట్టింగ్స్‌ది, కాన్ఫిగ్ ఫోల్డర్ పక్కకి పెట్టి చూడండి. అక్కడా బాగాలేకపోతే తప్పు సిస్టమ్‌దే. అసలు లాగిన్ స్క్రీనే రాకపోతే మళ్లీ కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3. డీప్యాకేజ్‌కి రెండు హైఫన్లతో కాన్ఫిగర్, పక్కన హైఫన్ ఎ, తర్వాత ఆప్ట్‌కి రెండు హైఫన్లతో ఫిక్స్-బ్రోకెన్, పక్కన ఇన్‌స్టాల్, ఈ రెండూ వరసగా. ఎన్విడియా కార్డు ఉంటే కెర్నెల్‌తో పాటు హెడర్స్ ప్యాకేజీ వచ్చిందో లేదో చూడండి, మెషిన్ ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి పోయి పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే ఆ పూట గడుస్తుంది. ఏం పోయింది, ఏం వచ్చింది అన్నది వార్ ఫోల్డర్, దాంట్లో లాగ్, దాంట్లో ఆప్ట్ ఫోల్డర్‌లో హిస్టరీ లాగ్‌లో తారీఖుతో సహా రాసి ఉంటుంది. ఆ పెళ్లికార్డు రోజు నన్ను గట్టెక్కించింది ఆ ఫైలే.

వెనక్కి దిగిపోదాం అనుకుంటే మాత్రం, అది ఘాట్ రోడ్డు లాంటిది. ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు, ఎక్కే దాంట్లో బండి తిప్పుకుని కిందికి వస్తానంటే కుదరదు. డెబియన్‌లో డౌన్‌గ్రేడ్‌కి గ్యారంటీ లేదు. ఒకటి రెండు ప్యాకేజీలైతే పాత డెబ్ దొరికితే పెట్టుకోవచ్చు, డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో పాత వెర్షన్లన్నీ తారీఖుల వారీగా ఉంటాయి. మెషిన్‌లోనే క్యాష్‌లో ఉంటుందిలే అనుకోకండి, ఆప్ట్ ఇన్‌స్టాల్ అయ్యాక ఫైళ్లు చెరిపేస్తుంది, ఆప్ట్-గెట్ అయితే ఉంచుతుంది. డెస్క్‌టాప్ మొత్తం వెనక్కి రావాలంటే టైమ్‌షిఫ్ట్ ఒక్కటే దారి. డెబియన్ వాళ్లే వెనక్కి రావాల్సి వస్తే ఏం చేశారో చూడండి: 2024 మార్చి 29న ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్‌లో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడ్డప్పుడు పాత 5.4.5ని మళ్లీ ఇవ్వడానికి దానికి 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5 అని పేరు పెట్టారు. దిగడానికి కూడా పెద్ద నంబరుతో ఎక్కాల్సి వచ్చింది.

దొంగదారి ఉన్న ఆ ఎక్స్‌జెడ్ అప్పట్లో టెస్టింగ్‌లోకి కూడా వచ్చేసింది, దాన్ని సరిచేసిన వెర్షన్ అప్‌గ్రేడ్ చేస్తేనే దొరుకుతుంది, అందుకే ఆగమన్నాను కదా అని నెలల తరబడి ఆగకండి. టెస్టింగ్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు స్టేబుల్‌కి వచ్చినంత త్వరగా రావు, మామూలుగా అన్‌స్టేబుల్ గుండానే నడిచి రావాలి. బ్రౌజర్‌ని మాత్రం వారానికోసారైనా విడిగా అప్‌గ్రేడ్ చేసుకోండి.

ప్యాకేజీలు ఎక్కణ్నుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్లో టెస్టింగ్ అని ఉందా, విడుదలకి పెట్టిన కోడ్‌నేమ్ ఉందా అన్నది కూడా ఒకసారి చూడండి. అప్పటిదాకా టెస్టింగ్‌గా ఉన్న ట్రిక్సీ 2025 ఆగస్టు 9న స్టేబుల్ అయింది. ట్రిక్సీ అని రాసుకున్నవాళ్లు నిశ్శబ్దంగా స్టేబుల్‌లో ఉండిపోయారు, టెస్టింగ్ అని రాసుకున్నవాళ్లు అదే రోజు నుంచి దాని తర్వాతిదైన ఫోర్కీలో ఉన్నారు, నెలల పాటు ఫ్రీజ్‌లో (విడుదలకి ముందు కొత్తవాటిని ఆపే కాలంలో) ఆగిన కొత్త వెర్షన్లన్నీ వాళ్ల మీద పడ్డాయి. రిలీజ్ తర్వాతి మొదటి నెల టెస్టింగ్‌లో బ్రహ్మోత్సవాల రద్దీ, గరుడసేవ రోజు కొండకి పోయినట్టే. పనిచేసే మెషిన్ అయితే కోడ్‌నేమ్ రాసుకుని, జనం తగ్గాక ఎక్కండి.

ఏదైనా ప్యాకేజీని ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో ఆపి ఉంటే, షోహోల్డ్ కొట్టి అప్పుడప్పుడూ చూసుకోండి. పోయిన వారం కొట్టాను. స్క్రైబస్ మీద ఏడు నెలల కింద పెట్టిన హోల్డ్ ఇంకా అలాగే ఉంది, ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. తీసేశాను, అప్‌గ్రేడ్ అయింది, తెరిచి శ్రీరస్తు కొట్టి చూశాను, ఒత్తులన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి.